బజ్జీల మీద సెస్సు

ఆర్థికశాస్త్రం కాలేజీలో చెప్పుకోవాల్సిన చదువే గాని ఇంటికి తెచ్చుకునేది కాదు. ఈ జ్ఞానం నాకు రిటైర్మెంటు దగ్గరపడ్డాక కలిగింది. నెల్లూర్లో ఒక డిగ్రీ కాలేజీలో డిమాండు రేఖలు గీసి గీసి సుద్దముక్కలు అరగదీసినవాణ్ణి. మెరిట్ గూడ్స్, డీమెరిట్ గూడ్స్ అనే పాఠమైతే కళ్లు మూసుకుని చెప్పగలను. పిల్లలూ కళ్లు మూసుకునే వింటారు. దాన్ని అక్కడే వదిలేసి సంచీ ఊపుకుంటూ ఇంటికొచ్చుంటే ఇవాళ మా ఇంట్లో నాకింత అప్రతిష్ఠ ఉండేది కాదు.

పాఠం చిన్నదే. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ రిచర్డ్ మస్‌గ్రేవ్ అనే పెద్దమనిషి 1950లలో ఈ మాట తెచ్చాడు. 1959లో ఆయన రాసిన ‘ది థియరీ ఆఫ్ పబ్లిక్ ఫైనాన్స్’ పుణ్యమా అని అది బీయే విద్యార్థులందరి నెత్తికీ ఎక్కింది. కొన్ని సరుకులుంటాయి. వాటి మేలు మనిషికి పూర్తిగా తెలియదు. సొంత డబ్బు పెట్టి కొనుక్కోమంటే చాలినంత కొనడు. చదువు, టీకా, బడిలో పెట్టే అన్నం ఈ కోవలోవి. ఇవి మెరిట్ సరుకులు కాబట్టి సర్కారు ఊరికే ఇవ్వాలి, లేదా చవగ్గా ఇవ్వాలి. మరికొన్ని ఉంటాయి. వాటి చేటు తెలియకనో, తెలిసీ రేపు చూసుకుందాంలే అనో, మోతాదు మించి పుచ్చుకుంటాడు. సారా, పొగాకు ఈ బాపతు. ఇవి డీమెరిట్. వీటి మీద పన్ను బాదాలి, కాదంటే నిషేధించాలి. మన రాజ్యాంగం 47వ అధికరణంలో ఈ రెంటినీ ఒకే గుక్కలో చెప్పింది. ప్రజల పోషకాహార స్థాయిని పెంచండి, మత్తు పానీయాలను మాన్పించండి అని.

రాజ్యాంగమే చెప్పాక ఇంటి యజమానిగా నాకో బాధ్యత ఉంటుంది గదా అనిపించింది. ఒక ఆదివారం పూట తెల్ల కాగితం తీసుకుని, మధ్యలో గీత కొట్టి, మా ఇంటి సరుకుల్నీ అలవాట్లనీ రెండు పట్టీలుగా విడగొట్టాను. మంచి పట్టీలో రాగి జావ, సాయంత్రం నడక, పుస్తక పఠనం, తెల్లారకముందే లేవడం. చెడ్డ పట్టీలో మావాడి ఫోను, కూల్‌డ్రింకు, అమ్మాయి అర్ధరాత్రి తెప్పించుకునే నూడుల్సు, మా ఆవిడ సీరియళ్లు, మా అమ్మ ఉప్పు దండిగా వేసే పచ్చళ్లు. చెడ్డ పని చేసినవాళ్లు ఖాళీ హార్లిక్స్ సీసాలో పది రూపాయలు వెయ్యాలి. ఆ సొమ్ముతో మంచి పని చేసినవాళ్లకు ప్రోత్సాహకం. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు పానీయాల మీద జీఎస్టీని 40 శాతం చేశారు. దాని మీద మా ఇంటి పది రూపాయలు అదనం. కాగితాన్ని ఫ్రిజ్జుకి అంటించి, బడ్జెట్టు పెట్టేశానన్న తృప్తితో కాఫీ అడిగాను.

ఆ కాఫీ ఏ పట్టీలోనూ లేదు. మేధోశ్రమకు ముడిసరుకు గనక మినహాయింపు ఇచ్చుకున్నాను. మధ్యాహ్నం నిద్ర లేదు, అది ఉత్పాదకతకు సంబంధించింది. వీధి చివర బండి మీద మిరపకాయ బజ్జీలు లేవు, అవి చిరు వ్యాపారులకు చేయూత. మస్‌గ్రేవ్ సిద్ధాంతానికి విమర్శకులు అడిగే మొదటి ప్రశ్న, ఏది మంచో ఏది చెడో తేల్చేదెవరు అని. క్లాసులో ఈ ప్రశ్న వేసి, జవాబు మీరే ఆలోచించండి అని గంట కొట్టేదాకా కాలక్షేపం చేసేవాణ్ణి. జవాబు ఇప్పుడు ఫ్రిజ్జు మీద నా చేతిరాతతోనే ఉంది. కాగితమూ కలమూ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు.

తిరుగుబాటు ముందు అమ్మ నుంచి వచ్చింది.

“ఒరే అబ్బయా, గోంగూర పచ్చడి చెడ్డ సరుకైతే, నిన్ను పెంచిందేంది మరి?”

దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. గోంగూరలో ఇనుముంది, మెరిట్. ఉప్పుంది, డీమెరిట్. నూనె? వేడన్నంలో కలిపాక పైన వేసుకునే నెయ్యి? సీఏ చదువుతున్న మా అమ్మాయి అప్పుడు గొంతు సవరించుకుంది.

“నాన్నా, వర్గీకరణ అంటే అంత తేలిక కాదు. 2024 డిసెంబరులో జైసల్మేరులో జీఎస్టీ మండలి కూర్చుని పాప్‌కార్న్‌కి మూడు రేట్లు చెప్పింది. ఉప్పూకారం వేసి విడిగా అమ్మితే 5, ప్యాకెట్టు కట్టి లేబులేస్తే 12, పంచదార పాకం పడితే 18. అప్పడం గుండ్రంగా ఉన్నా పలకగా ఉన్నా పన్ను లేదని 2021లో కేంద్ర పన్నుల బోర్డు పనిగట్టుకుని చెప్పాల్సొచ్చింది. నువ్వు పెసరట్టు ఉప్మాని ఏ పట్టీలో వేస్తావు?”

పెసరట్టును మంచి పట్టీలోనూ, ఉప్మాను చెడ్డ పట్టీలోనూ వేద్దామన్నాను. కలిపి తింటే ఎలాగని అడిగింది. విషయం నిపుణుల సంఘానికి నివేదించాం. సంఘం ఆ పూట పెసరట్లు వేసుకు తిని, నివేదిక ఇవ్వకుండానే లేచిపోయింది.

అసలు దెబ్బ మా ఆవిడ కొట్టింది. కాగితం ముందు నిలబడి కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా తీరిగ్గా చదివింది.

“అన్నీ బానే ఉన్నాయండీ. బజ్జీలు ఎక్కడ రాశారు?”

కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఆ బండి దగ్గర స్కూటరు దానంతట అదే ఆగుతుందని ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను. పొడుగాటి మిరపకాయను నిలువునా చీల్చి, లోపల వాముపొడి కూరి, పిండిలో ముంచి వేయిస్తాడు. పైకి తీశాక మళ్లీ చీల్చి ఉల్లిపాయ ముక్కలు దట్టించి నిమ్మకాయ పిండుతాడు. ఆ ఒక్క నిమ్మచుక్క వల్ల అది సి విటమిన్ కిందికి వస్తుందని వాదించాలనుకున్నా గాని, ఆవిడ మొహం చూసి సిద్ధాంతంలోకి దిగాను.

పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1920లోనే ‘ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్’లో తేల్చి చెప్పాడన్నాను. ఒకడు చేసే పని వల్ల సంబంధం లేని పక్కవాడికి నష్టం జరిగితే ఆ మేరకు పన్ను వెయ్యొచ్చు. ఫ్యాక్టరీ పొగ అందుకు ఉదాహరణ. నా బజ్జీ ఎవరికి నష్టం? జేబు నాది, నాలుక నాది, కడుపు నాది.

“రాత్రి ఒంటిగంటకి గుండెల్లో మంటని లేపింది ఎవర్ని?” అంది.

నేను మాట్లాడలేదు.

“స్టవ్వు వెలిగించి వాము కషాయం కాచింది ఎవరు? తెల్లారి అయిదింటికి లేచి క్యారియర్లు కట్టింది ఎవరు? ఆ పోయిన నిద్ర ఏ జేబులోది?”

పక్కవాళ్లకు కలిగే నష్టం పిగూది, తనకు తాను చేసుకునే నష్టం మస్‌గ్రేవ్‌ది. క్లాసులో అవి రెండు వేరువేరు అధ్యాయాలు, పరీక్షలో తేడా రాయమని అయిదు మార్కుల ప్రశ్న కూడా ఇస్తాను. సంసారంలో ఉన్నది ఒకటే పడగ్గది. అక్కడ ఒకరి కడుపు మంట ఇంకొకరి నిద్రాభంగమే. బజ్జీలు చెడ్డ పట్టీలోకి ఎక్కాయి. ప్లేటు ధరెంతో పన్నూ అంత. మా ఇంటి పన్నుల్లో అదే అత్యధికం.

ఇక అక్కణ్ణుంచి నా పతనం. ధర పెరిగినా కొనుగోలు పెద్దగా తగ్గకపోతే దాన్ని అవ్యాకోచ డిమాండు అంటాం. పొగాకు ధర 10 శాతం పెరిగితే సంపన్న దేశాల్లో వాడకం దాదాపు 4 శాతం, మనలాంటి దేశాల్లో దాదాపు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బజ్జీ ధర నాకు ఏకంగా రెట్టింపైంది. నా వాడకంలో ఉల్లిపాయ ముక్కంత తేడా కూడా రాలేదు. పొగరాయుళ్లు నాకంటే క్రమశిక్షణ గలవాళ్లని గణాంకాలతో సహా రుజువైంది.

పైగా దొంగరవాణా మొదలుపెట్టాను. ఇది నా ఒక్కడి బుద్ధే కాదు. 2011 అక్టోబరులో డెన్మార్కు వాళ్లు వెన్న, చీజు, మాంసం లాంటి వాటిలోని సంతృప్త కొవ్వు మీద కిలోకి 16 క్రోనర్ల పన్ను వేశారు. అంత చదువుకున్న దేశం. జనం కార్లేసుకుని సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కొచ్చారు. సర్కారు 2013 జనవరి నుంచి పన్ను ఎత్తేసింది. నా జర్మనీ ట్రంకు రోడ్డుకి అవతల ఉంది. అక్కడి బండివాడికి నా మొహం తెలియదు, మా ఆవిడ తెలియదు, ఫ్రిజ్జు మీది కాగితం తెలియదు. అక్కడ తిని, నోరు పుక్కిలించి, సోపు గింజలు నమిలి, లైబ్రరీ నుంచి వస్తున్న మొహం పెట్టుకుని ఇల్లు చేరేవాణ్ణి.

పట్టించింది కాగితం. ఒకరోజు తినగా మిగిలిన సగం బజ్జీని పారెయ్యడానికి మనసొప్పక, కట్టి ఇచ్చిన కాగితంతోనే చొక్కా జేబులో పెట్టుకున్నాను. దాన్నీ దారి మధ్యలోనే ముగించేశాను గాని కాగితం జేబులోనే ఉండిపోయింది. ఉతకడానికి వేసేటప్పుడు మా ఆవిడ తీసి చూసింది. ఎవరో విద్యార్థి పాత నోట్సు పేజీ. ముత్యాల్లాంటి అక్షరాలు. నూనె పీల్చి వెనక రాసింది కూడా ముందుకు కనిపిస్తోంది. ‘డీమెరిట్ వస్తువులు: వినియోగదారుడు వీటి హానిని తక్కువగా అంచనా వేయును. ఉదా:’ అని ఉంది. ఉదా దగ్గర సరిగ్గా శనగపిండి అంటుకుంది. ఆ కాగితాన్ని కూడా ఫ్రిజ్జుకి అంటించారు. అది నా క్లాసు నోట్సే అయ్యుండొచ్చునన్న అనుమానం మాత్రం నేను పైకి చెప్పలేదు.

మంచి పట్టీ గతీ అంతంత మాత్రమే. రాగి జావ ఉచితం అని ప్రకటించాను. ఒక్కరు గ్లాసు పట్టుకోలేదు. ఊరికే ఇచ్చినంత మాత్రాన మెరిట్ సరుకు చెల్లదు. ఈ సంగతి నాకంటే ముందు మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్‌కి తెలుసు. బడి ఉచితమే అయినా ఆకలి కడుపుతో పిల్లాడు రాడని, 1950ల నడుమ బడిలోనే మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనం పెట్టాల్సిందేనని దేశంలోని అన్ని రాష్ట్రాలకూ ఆదేశం ఇచ్చింది. చదువు అనే ఒక మెరిట్ సరుకును అన్నం అనే ఇంకో మెరిట్ సరుకు భుజాన మోసుకెళ్లింది. 2023లో ఆంధ్ర బడుల్లో రాగి జావ మొదలుపెట్టినప్పుడు కూడా బెల్లం వేసే ఇచ్చారు. నేనూ బెల్లం వేశాను. చెల్లలేదు. ఇంకాస్త వేశాను. యాలకులు, జీడిపప్పు, నేతిలో వేయించిన కిస్‌మిస్. అప్పుడు గిన్నె ఖాళీ అయింది. అమ్మాయి వర్గీకరణ ప్రకారం అది అప్పటికి పాయసం.

నడక పథకం సంగతి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాపు పెట్టి, ఎన్ని వేల అడుగులకు ఎంత అని సీసాలోంచి నగదు బదిలీ ప్రకటించాను. పెద్ద లబ్ధిదారుణ్ణి నేనే. అయ్యవారు అడుగు బయటపెట్టకుండా అన్ని అడుగులు ఎలా వేశారని ఎవరికీ అనుమానం రాలేదు. ఐపీఎల్ మ్యాచ్ రోజు మావాడు హాల్లోకి వచ్చేసరికి, సోఫాలో వెనక్కి వాలి, ఫోను పట్టుకున్న చెయ్యి లయబద్ధంగా ఊపుతున్నాను.

“నాన్నా, ఇవాళ హాల్లోంచి గూడూరు దాకా వెళ్లొచ్చినట్టున్నావే!”

సబ్సిడీలు పక్కదారి పట్టడం మీద పరిశోధనా వ్యాసం రాసినవాణ్ణి. పథకం ఆ రాత్రే రద్దయింది.

పన్ను పనిచెయ్యలేదు, ప్రోత్సాహకం పనిచెయ్యలేదు. మిగిలింది హెచ్చరిక. 2016 నుంచి మన సిగరెట్టు పెట్టెల మీద 85 శాతం జాగాలో భయపెట్టే బొమ్మ ఉండాలి. మా ఆవిడ ఆ నిబంధనను మురుకుల డబ్బాకు వర్తింపజేసింది. మైపాడు బీచిలో తడి బనీనుతో, నవ్వుతూ, పక్కకి తిరిగి నిలబడ్డ నా ఫోటో ఒకటుంది. ఆ పక్కకి తిరగడమే కొంప ముంచింది. దాన్ని పెద్దది చేయించి డబ్బాకు చుట్టించింది. పిల్లలు నిజంగానే ఆ డబ్బా జోలికి పోవడం తగ్గించారు. అమ్మ మాత్రం డబ్బాను దేవుడి గూటి పక్కకి మార్చింది. “ఆ ఫోటోలో నా బిడ్డ ఎంత నిండుగా ఉన్నాడో” అంటుంది వచ్చినవాళ్లతో. తెరిచి తలా ఒకటి పెడుతుంది కూడా.

ఇన్ని వైఫల్యాల మధ్య నిలబడింది ఒక్క హార్లిక్స్ సీసా. దాంట్లో పడేదంతా దాదాపు నా సొమ్మే. బజ్జీ సుంకం, దొంగరవాణాకి జరిమానా, సుంకం ఎగ్గొట్టినందుకు వడ్డీ. అమ్మకి ఫ్లూ టీకా ఆ డబ్బుతో వేయించాం. మావాడి ఈఏపీసెట్ పుస్తకాలు కొన్నాం. గ్యాసు బండ కూడా నెల చివర్లో సీసా చూసుకునే బుక్ చేసేది మా ఆవిడ. నా చెడు తిండి మీద ఇంటి మంచి పనులు నడుస్తున్నాయి.

ఇది కొత్త సంగతేం కాదు, మన రాష్ట్రం నడిచిన దారే. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. అంతకు మించిన మెరిట్ సరుకు ఏముంటుంది? అదే ఖజానాకు సారా మీద వచ్చే ఆబ్కారీ రాబడి పెద్ద దిక్కు. రెండు రూపాయలకు బియ్యం తెచ్చిన ఇల్లాలి మొగుడు మిగిలిన కూలి డబ్బు సారా కొట్లో పోసొచ్చేవాడు. ఒక చేత్తో ఇచ్చిందాన్ని సర్కారు రెండో చేత్తో లాక్కునేది. ఆ లెక్క తేల్చింది ఆర్థికవేత్తలు కారు, మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు. అక్షరదీపం రాత్రిబడిలో సీతమ్మ కథ పాఠం చదువుకుని, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నడవగా, 1992లో సారా కొట్లు మూయించారు. అక్షరం అనే మెరిట్ సరుకు వెళ్లి సారా అనే డీమెరిట్ సరుకు గొంతు పట్టుకుంది. మస్‌గ్రేవ్ పుస్తకంలో ఇంత చక్కటి ఉదాహరణ లేదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది, 1995 జనవరిలో మద్యం మొత్తం ఆగింది. రాబడీ ఆగింది. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది, 1997లో నిషేధం సడలింది. పాపం చేసేవాడి మీద ఆధారపడ్డ ఖజానాకు వాడు బాగుపడితే కష్టం.

ఈ వాక్యాన్ని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. మా ఇంట్లో నవంబరు ముసురులో చూశాను.

రక్తపరీక్ష చేయించుకుంటే ట్రైగ్లిజరైడ్ల దగ్గర ల్యాబువాళ్లు ఎర్రసిరాతో సున్నా చుట్టి ఇచ్చారు. ఆ ఎరుపు చూసి హడలిపోయి బజ్జీలు మానేశాను. నిజంగానే మానేశాను. ఇవతలి బండీ లేదు, జర్మనీ లేదు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నెల చివరికొచ్చింది. మా ఆవిడ సీసా ఎత్తి వెలుతురుకేసి పట్టుకుని చూసింది. అడుగున రెండు పది నోట్లు, మావాడి కూల్‌డ్రింకు తాలూకువి. వంటగదిలో గ్యాసు మంట సన్నబడింది. బయట పొద్దుట్నుంచి వాన.

కాసేపటికి కమ్మటి వాసన. మిరపకాయలు, వాము, కాగే నూనె. మా ఆవిడ పళ్లెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“వేడిగా ఉన్నాయండీ, రెండు తినండి.”

“మానేశాను గదా.”

“మంచిదే, కాదనను. ఏదో వాన పడుతోంది గదా అని. నూనె కూడా ఎక్కువ పీల్చలేదు.” ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, “బండ బుక్ చెయ్యాలి” అంది.

వాము కషాయం కాచిన చెయ్యే బజ్జీ నోటి దగ్గర పెట్టింది. గృహక్షేమం కోసం కాదనలేకపోయాను. రెండు అనుకున్నవి పళ్లెం అయ్యాయి. ఎర్రసున్నా కాగితం ఎవరు తీశారో గాని ఆ సాయంత్రం ఫ్రిజ్జు మీద లేదు.

సీసాలో నోట్లు పడుతున్న చప్పుడికి పిల్లలిద్దరూ గదుల్లోంచి బయటికొచ్చారు. పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం వాటా ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది గనక, ఇంటి రాబడిలో తమ వాటా తేల్చమని అమ్మాయి పట్టుబట్టింది. తమ్ముడు వెనక నిలబడి తలూపాడు.

“ఇది పన్ను కాదే, కొబ్బరి చట్నీ మీద సెస్సు” అంది మా ఆవిడ, మూత బిగిస్తూ.

అమ్మాయి నోరు మూసుకుంది. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదని సీఏ పుస్తకంలో తనే చదివింది. మా ఆవిడకు ఈ సంగతి ఎవరు చెప్పారా అని నావైపు అనుమానంగా చూసింది. నేను కళ్లు తిప్పుకుని, ఎలాగూ సెస్సు కట్టాను గనక, చట్నీ ఇంకో గరిటె వెయ్యమన్నాను.